నాలుగో గాజు

గుల్షన్ బీ చేతులు పచ్చగాజులను డజన్లు కడుతున్నాయి. ఎడమచేతి వేళ్ల మీదికి గాజులు ఒక్కొక్కటే జారి చేరుతుంటే కుడిచేయి దారం చుట్టేస్తోంది. లెక్క ఆమె నోటితో పెట్టదు. పన్నెండు గాజులు ఒకచోట చేరితే వేళ్ల మధ్య ఎంత మందం ఉంటుందో చేతికే తెలుసు. ముడి వేశాక కట్టను చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి కదిలిస్తుంది. అన్నీ బాగుంటే గలగలమంటాయి. ఏ ఒక్కదానికి సన్నటి చీలిక ఉన్నా ఆ గలగలలో ఒక మొద్దు చప్పుడు కలుస్తుంది. అప్పుడు కట్ట విప్పి, ఆ గాజు తీసి అవతల పెట్టి, ఇంకోటి వేసి మళ్లీ కడుతుంది.

"పెద్దమ్మా, ఒగ గాజు చీలితే ఏమైతాది? ఎవురు చూస్తారు?" అంది హర్షిణి. ఆ పిల్ల కమ్మల కౌంటరులో చేరి నాలుగు నెలలే అయింది.

"తొడుక్కునే చెయ్యి చూస్తాది పాపా. రక్తం వస్తాది."

డోన్‌లో పాత బస్టాండు వీధిలో ఉన్న ఫ్యాన్సీ స్టోరు అది. కింద క్లిప్పులు, కమ్మలు, గాజులు. మెట్లెక్కితే బ్యాగులు, బొమ్మలు. యాభై మూడేళ్ల గుల్షన్ బీ ఆ గాజుల కౌంటరులో ఆరేళ్లుగా నిలబడుతోంది. అంతకు ముందు ముప్పై ఆరేళ్లు నడిచింది.

వాళ్లమ్మ గాజుల మలారం భుజాన వేసుకుని చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగేది. పదకొండో ఏట గుల్షన్ కూడా వెంట బయలుదేరింది. మొదటి ఏడాదంతా ఆమెకు గాజు తొడిగే పని ఇవ్వలేదు. తొడిగించుకునేవాళ్ల చేయి పట్టుకుని కూర్చోవడమే పని. ముందు చెయ్యి చూడు, ఆ తర్వాతే గాజు ముట్టుకో, అనేది వాళ్లమ్మ. అలా కూర్చుని కూర్చుని గుల్షన్‌కు చేతులు తెలిశాయి. నాపరాళ్లు మోసిన చేయి, వేరుశనక్కాయలు ఒలిచిన చేయి, టమోటాలు కోసి కోసి వేళ్ల చివర నల్లబడిన చేయి. ఎవరి బొటనవేలి ఎముక లోపలికి మడుస్తుందో, ఎవరిది మొండికేస్తుందో పట్టుకోగానే చెప్పగలిగేది.

గాజు ఎముక దగ్గర ఆగిపోయినప్పుడు వాళ్లమ్మ ఊరికే ఒక ప్రశ్న అడిగేది. మీ ఎనుము ఈనిందా? మీ చెల్లెలికి సంబంధం కుదిరిందా? అవతలి మనిషి జవాబు మొదలుపెట్టగానే ధ్యాస నోటి మీదికి పోతుంది, చేయి వదులవుతుంది. ఆ ఒక్క క్షణంలో గాజు దాటిపోయేది. జవాబు పూర్తయ్యేసరికి గాజు మణికట్టు మీద ఉండేది. గుల్షన్ కూడా ఆ పద్ధతే పట్టుకుంది.

పల్లెల్లో ఆడవాళ్లు గాజులకు కూడా టౌనుకు రావడం మొదలయ్యాక మలారం బేరం పడిపోయింది. భర్త మహబూబ్ బాషా నాపరాళ్లు కోసే ఫ్యాక్టరీలో దుమ్ము పీల్చి పీల్చి దగ్గుతో ఇంట్లో కూర్చున్నాడు. గుల్షన్ బీ మలారాన్ని దూలానికి తగిలించి స్టోరులో చేరింది. ఇక్కడ చేయి పట్టుకునే పని లేదు. సైజు చెప్తే డబ్బా అందించడమే. సంతలో చేపలమ్మినట్టు గాజులు తూకానికి అమ్మడం ఒక్కటే మిగిలిందని ఆమె మహబూబ్ బాషాతో అంటుండేది.

ఇక్కడ ఆమె కొత్తగా నేర్చుకున్న పని ఒకటి ఉంది. దొంగలను కనిపెట్టడం.

ఫ్యాన్సీ స్టోరులో సరుకంతా చిన్నది, పిడికిట్లో పట్టేది. సాయంత్రం సర్దేటప్పుడు కమ్మల అట్ట ఉంటుంది, దాని మీద కమ్మలుండవు. క్లిప్పులు గొడుగులోకి పోతాయి. చంటిబిడ్డ టోపీలోకి గొలుసు పోతుంది. ఒకసారి పట్టుచీర కట్టుకున్న ఒకామె ఎనిమిది రాళ్ల గాజులు మోచేతి పైదాకా తోసుకుని, జాకెట్టు చేతి కింద దాచి, నవ్వుతూ బిల్లు దగ్గర ఒక రిబ్బను కొని వెళ్లబోయింది. ఆమె చేయి మడవలేకపోవడం చూసి గుల్షన్ బీయే పట్టించింది.

పట్టుకోవడానికి స్టోరులో ఒక మాట ఉంది. అనుమానం వచ్చినవాళ్లు "చాంద్! చాంద్ యాడుండాడు?" అని పిలవాలి. చాంద్ అనే మనిషి ఆ స్టోరులో ఎప్పుడూ లేడు. ఆ పిలుపు వినబడితే వాకిలి దగ్గరి లాజరు స్టూలు మీద నుంచి లేచి అడ్డంగా నిలబడతాడు. మిగతావాళ్లు అటు ఒక కన్నేస్తారు. పోయేవాళ్లకు ఏమీ తెలియదు.

దొరికితే ఏం చేయాలో భూపేష్ చూసుకుంటాడు. అతను ఓనరు తమ్ముడి కొడుకు, స్టోరు నడిపేది అతనే. బిల్లు కౌంటరు పక్కన ఒక ప్లైవుడ్ పలక కొట్టించి 'వీరితో జాగ్రత్త' అని రాయించాడు. దాని మీద పదకొండు ఫోటోలు. ఫోటో ముందు ఫోనులోని డోన్ వ్యాపారుల గ్రూపుకు పోతుంది, తర్వాత పలకెక్కుతుంది. ఒక ఫోటోలోని ఆమె రెండు రోజుల తర్వాత బిల్లు తెచ్చి చూపించింది. పొరపాటైపోయిందని భూపేష్ అన్నాడు, తీసెయ్యమన్నాడు. కానీ గమ్ముతో అతికించిన కాగితం. లాజరు గోటితో గీకితే సగమే వచ్చింది. ఇప్పటికీ ఆ పలక మీద ఒక కన్ను, సగం నోరు ఉన్నాయి. గ్రూపులో పోయిన ఫోటోను ఎవరి గోరూ గీకలేదు.

ఆ రోజు మే నెల ఎండ రోడ్డు మీద మనుషులను నిలవనివ్వడం లేదు. పదకొండున్నరకు ఒక అమ్మాయి ఒక్కతే లోపలికి వచ్చింది. ఇరవై మూడేళ్లుంటాయి. ఏడో నెల కడుపు. నుదుటి చెమటను కొంగుతో తుడుచుకుంటూ గాజుల దగ్గర నిలబడింది.

"పచ్చగాజులు ఐదు డజన్లు కావాల. ఎల్లుండి శ్రీమంతం. వచ్చినోళ్లకు పెట్టేదానికి. నాకొగ డజను సపరేటు."

"ఇవన్నీ కట్టేది దానికే పాపా, ముహూర్తాలు కదా. రోంత నిలబడు. ఇంగ రెండు కట్టలు కట్టల్ల, కొత్త డబ్బా తెస్తా," అని గుల్షన్ బీ వెనక గదిలోకి వెళ్లింది.

పచ్చగాజుల పక్కనే నల్ల మఖమలు స్టాండు మీద రాళ్ల గాజులుంటాయి. నాలుగు గాజుల సెట్టు పద్దెనిమిది వందల యాభై. కింద భూపేష్ అతికించిన చీటీ: 'వేసుకుని చూడరాదు. ఇరుక్కున్నా, వంగినా సెట్టు కొనవలసిందే.'

ఆమె డబ్బాతో తిరిగొచ్చేసరికి స్టాండు మీద మూడే ఉన్నాయి.

అమ్మాయి ఎడమచేయి కొంగులో చుట్టుకుని ఉంది. ఇందాక అలా లేదు. ముఖం ఎర్రబడింది. గుల్షన్ బీ ఒకసారి స్టాండు వైపు, ఒకసారి కొంగు వైపు చూసింది. కడుపుతో ఉన్న మనిషి అని ఒక క్షణం ఆగింది. చంటిబిడ్డ టోపీ గుర్తొచ్చింది. మెట్ల వైపు తిరిగి గొంతు పెంచింది.

"చాంద్! చాంద్ యాడుండాడు? గాజుల కాడికి రమ్మనండి!"

లాజరు స్టూలు మీద నుంచి లేచాడు.

కొంతసేపటికి ఆ అమ్మాయి మెల్లగా వాకిలి వైపు నడిచింది. లాజరు చేయి అడ్డం పెట్టాడు. "అమ్మా, రోంత ఆగు. సార్ పిలుస్తాండాడు."

గుల్షన్ బీ మళ్లీ గాజులు కట్టడంలో పడింది. పట్టించాక మిగతాది ఆమె పని కాదు. కానీ నాలుగో కట్టకు ముడి పడలేదు. ఐదు నిమిషాలకు హర్షిణి పరుగెత్తుకొచ్చింది.

"పెద్దమ్మా, భూపేషన్న రమ్మంటాండాడు. అది మన గాజే అని నువ్వు చెప్పల్లంట. చెప్పినాంక ఫోటో పంపిస్తాడంట."

వెనక గదిలో అట్టపెట్టెల మధ్య ప్లాస్టిక్ కుర్చీలో ఆ అమ్మాయి కూర్చుంది. పేరు యామిని అని, పత్తికొండ పక్క పల్లె అని భూపేష్ అప్పటికే అడిగి తెలుసుకున్నాడు. ఫోటో తీశాడు. ఫోను అతని చేతిలో ఉంది, బొటనవేలు గ్రూపు మీద ఉంది. బల్ల మీద తీగలు కత్తిరించే కటింగ్ ప్లయరు ఉంది.

"పేరు, ఊరు తప్ప ఏం అడిగినా మాట్లాడదు. గాజు తియ్యమంటే తియ్యదు. కత్తిరిస్తానంటే చెయ్యి ఇయ్యదు. ఒకే మాట, బయట అత్త ఉండాది, ఆమెకు చెప్పొద్దంటాది. దొంగతనం చెయ్యకపోతే అత్తకు భయమెందుకు?" అన్నాడు భూపేష్. "చూడు గుల్షనమ్మా. ఇది మన స్టాండుదేనా?"

యామిని ఎడమచేయి ఒళ్లో ఉంది. మణికట్టు దగ్గర ఆరు పాత ఎర్రగాజులు. వాటికి ముందు, అరచేతి మొదట్లో, రాళ్ల గాజు మెరుస్తోంది.

"మనదే," అంది గుల్షన్ బీ.

భూపేష్ బొటనవేలు కదిలింది.

"ఆగప్పా!"

ఆమె గొంతుకు అతను ఉలిక్కిపడ్డాడు. గుల్షన్ బీ వంగి ఆ అమ్మాయి చేయి పట్టుకుంది. ఆరేళ్లలో ఆ స్టోరులో ఆమె పట్టుకున్న మొదటి చేయి అది. వేళ్లు లావుగా, నునుపుగా వాచి ఉన్నాయి. బొటనవేలి ఎముక మీద చర్మం కందిపోయి, సన్నటి గీతలు పడి ఉంది. చిటికెనవేలి వైపు ఎముక మీద కూడా అంతే. మణికట్టు పైన మాత్రం ఒక్క గీత లేదు.

చాంద్‌ను పిలిచింది తనే. ముందు చెయ్యి చూడు అన్న వాళ్లమ్మ మాట మరిచి, కొంగు చూసి పిలిచింది.

"ఫోటో పంపొద్దు. ఈమె దొంగ కాదు."

"నువ్వే కదా పిలిచింది!"

"నేనే పిలిచినా. ఇప్పుడు నేనే ఆగమంటాండా. ఆ పట్టుచీరామె యాడికి తోసింది గాజుల్ని? పైకి, మోచేతికి. దొంగ చెయ్యి పైకి తోస్తాది. ఈ బిడ్డ కిందికి లాగింది. చూడు, తోలు లేచిపోయిండాది. అయినా నాలుగు గాజులుండంగా ఎవురన్నా ఒగటి ఎత్తుకపోతారా? ఒంటి చేతికి ఒంటి గాజు ఏం చేసుకుంటాది?"

"చేతి మీద గీతలు చూసి తీర్పు చెప్తావా గుల్షనమ్మా? కెమెరాలో చూద్దామంటే ఆ మూల కనపడదు."

"కనపడకుండా ఆఫర్ల బ్యానరు కట్టింది నువ్వే కదప్పా."

గది వాకిట్లో నిలబడ్డ లాజరు దగ్గినట్టు నటించి నవ్వు మింగాడు.

భూపేష్ చెడ్డవాడు కాదు. కానీ పోయిన నెల లెక్క చూసి పెదనాన్న అరిచిన అరుపులు ఇంకా చెవుల్లో ఉన్నాయి. "సరే, పది నిమిషాలు. నీకు నమ్మకముంటే తియ్యి. రాకపోతే కత్తిరిస్తా, ఫోటో పంపిస్తా."

"కత్తిరించొద్దు," అంది యామిని. పేరు, ఊరు, అత్త మాట కాకుండా ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. "ఏడో నెల. చేతి మీద గాజు కోయకూడదు. ఎల్లుండి శ్రీమంతం పెట్టుకుని..."

"ఎవురూ కోయరులే తల్లీ. మా అమ్మ మలారం మోసిన ముప్పై ఏండ్లల్లో కడుపుతో ఉన్నామె గాజు ఒగటి కోయలే. నేను కోస్తానా?" అని గుల్షన్ బీ హర్షిణి వైపు తిరిగింది. "ఫ్రిజ్‌లో చల్లనీళ్ల బాటిలు తే. కమ్మలు వేసిచ్చే పల్చటి కవరు ఒగటి. షాంపూ పాకెట్టు ఒగటి. పో."

ముందు ఆ చేయిని తల కంటే పైకి ఎత్తించింది. మోచేతి కింద తన అరచేయి ఆనించి పట్టుకుంది. చల్లనీళ్ల బాటిలును వేళ్ల మీద, అరచేతి మీద మెల్లగా దొర్లించింది. ఎండకు, నీరు పట్టిన ఒంటికి ఉబ్బిన చేయి అది. దాన్ని దించాలి, తొందరపెట్టకూడదు. భూపేష్ గడియారం చూసుకున్నాడు. గుల్షన్ బీ చూడలేదు. వేళ్లు మొద్దుతనం పోయి కొంచెం మెత్తబడ్డాయని చేతికి తెలిశాకే కిందికి దించింది.

కవరును పొడుగ్గా చింపి గాజు కింద నుంచి దూర్చింది. దాని కొన చేతి మీదుగా వేళ్ల దాకా పరిచింది. పైన షాంపూ రాసింది. వెనకున్న ఎర్రగాజులను ముంజేతి మీదికి జరిపి తన చేతిరుమాలు చుట్టింది, వాటిలో ఒక్కటీ చిట్లకూడదని. తర్వాత యామిని బొటనవేలిని అరచేతిలోకి మడిచి, దాని మొదలును చిటికెనవేలి వైపుకు నొక్కి పట్టింది. గాజు వచ్చి ఎముక దగ్గర ఆగింది. యామిని పళ్లు బిగించింది. చేయి రాయిలా బిగుసుకుంది.

గుల్షన్ బీ లాగలేదు. అలాగే పట్టుకుని అడిగింది.

"మీ అత్త పేరేంది తల్లీ?"

"భీమక్క."

గాజు గింజంత జరిగింది.

"బయట ఏం చేస్తాంది?"

"చెరుకురసం బండి కాడ కూచోనుండాది. మోకాళ్లు నొప్పి, వాకిలి మెట్లెక్కలేనని రాలే."

"ఇంతకు ముందు నీ సైజెంత?"

"రెండూ నాలుగు. పెండ్లప్పుడు అదే వేసినారు. అదే పడతాది అనుకున్నా." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ ఇప్పుడు మాట ఆగలేదు. "ఊరికే చూద్దామని. రాళ్లు మెరుస్తాంటే ఒగసారి చేతికి ఎట్లుంటాదో చూద్దామని. పోయింది లోపలికి. రాలే. అప్పుడు చూసినా ఆ చీటీ, ఇరుక్కుంటే కొనల్ల అని. నా కాడ ఏడు నూర్లే ఉండాయి. అవి గాజులకు, పసుపు కుంకాలకు అత్త ఇచ్చిన దుడ్లు. లాగినా, లాగినా. అత్త పొద్దున్నే చెప్పింది, చేతులు వాచిండాయి, ఇరుకు గాజుల జోలికి పోవద్దని."

గాజు చిటికెనవేలి ఎముకను ఒక పక్కగా దాటింది. ఇంకా బొటనవేలి మొదలు మిగిలింది. అదే కష్టం. చేయి మళ్లీ బిగుసుకోబోయింది.

"మరి నాతో ఎందుకు చెప్పలే?"

"చెప్పుదామనే ఉన్నా. అంతలో మీరు ఎవురినో పిలిచినారు కదా."

"ఎవురిని?"

"చాంద్ అనే ఆయప్పను. గాజుల కాడికి రమ్మంటిరి. ఇట్ల ఇరుక్కున్న గాజులు తీసే మనిషేమో, నా చెయ్యి చూసే పిలిచినారేమో అనుకున్నా. ఆయప్ప వస్తే తీస్తాడులే అని మెట్ల దిక్కు చూస్తా నిలబడుకున్నా. శానాసేపు నిలబడుకున్నా. ఆయప్ప రాలే. ఇంగ అత్తనన్నా పిలుచుకొద్దామని బయటికి..."

గుల్షన్ బీ వేళ్లు ఒక్క క్షణం ఆగిపోయాయి.

"నిజమే సార్," అన్నాడు లాజరు వాకిట్లో నుంచి. "ఐదు నిమిషాలు మెట్ల దిక్కే చూస్తాండె. నాకే విచిత్రం అనిపించె. ఎవురినన్నా రమ్మని కేకేస్తే దొంగలు గబగబ పోతారు గానీ, నిలబడి ఎదురుచూస్తారా?"

లేని మనిషి కోసం ఐదు నిమిషాలు ఎదురుచూసిన దొంగను భూపేష్ ఎక్కడా చూడలేదు. ఫోను తెరిచి, కనుబొమలు ముడిచి, ఆ ఫోటో మీద వేలు పెట్టాడు.

"గుల్షనమ్మా, తీసేసినా చూడు."

"నాకెందుకప్పా చూపిస్తావు? ఆ బిడ్డకు చూపించు."

అతను ఫోను యామిని ముందు పెట్టాడు. ఆమె వంగి చూసింది. తన ఫోటో ఉండాల్సినచోట గోడ గడియారం ఫోటో ఒకటి ఉంది.

"ఇంగ లేదా?"

"లేదమ్మా. యాడా పోలేదు."

"నీ బిడ్డకు ఏం పేరు పెట్టుకుంటావు తల్లీ?" అని గుల్షన్ బీ అదే క్షణంలో అడిగింది.

"మగపిల్లోడైతే..." అని యామిని తలెత్తింది.

గాజు వచ్చేసింది.

కవరుతో పాటు జారి గుల్షన్ బీ ఒళ్లో పడింది. యామిని ఖాళీ అయిన తన చేయిని చూసుకుని, వేళ్లు ఆడించి, ఒక్కసారిగా గట్టిగా ఊపిరి వదిలింది. ఏడ్చిందో నవ్విందో తెలియలేదు. హర్షిణి మాత్రం చప్పట్లు కొట్టింది. భూపేష్ ప్లయరు తీసి సొరుగులో వేశాడు. గుల్షన్ బీ చేతిరుమాలు విప్పి ఎర్రగాజులు లెక్కపెట్టింది. ఆరూ ఉన్నాయి. రాళ్ల గాజును నీళ్లతో కడిగి, తుడిచి, వెలుతురుకు ఎత్తి చూసింది. వంకర లేదు, ఒక్క రాయి ఊడలేదు. అప్పుడు తన నడుము నొప్పి ఆమెకు తెలిసింది.

"తప్పు నాది తల్లీ," అంది. "చెయ్యి చూడకుండా పిలిచినా."

"వదిలెయ్యమ్మా. నేను చెప్పకపోవడమూ తప్పే." యామిని చెంపలు తుడుచుకుంది. "ఆ చాంద్ ఎవురు ఇంతకీ?"

గుల్షన్ బీ భూపేష్ వైపు చూసింది. భూపేష్ సీలింగు వైపు చూశాడు.

"సెలవు పెట్టినాడు," అన్నాడు లాజరు.

వాళ్లు కౌంటరు దగ్గరికి వచ్చేసరికి ఒక పెద్దావిడ మోకాళ్లు పట్టుకుని వాకిలి మెట్లెక్కి లోపలికి వస్తోంది. చేతిలో పసుపు కుంకాల సంచి.

"ఏమ్మే యామినీ! ఐదు డజన్ల గాజులకు ఇంతసేపా? నా పెండ్లిలో కూడా ఇంతసేపు కూచోలే నేను! ఆ చెరుకురసమాయప్ప నాకు రెండు గ్లాసులు తాపి, ఇంగ లెయ్యక్కా అంటాండాడు."

"మాదే ఆలస్యం అక్కా," అన్నాడు భూపేష్ ముందుకొచ్చి. "రద్దీ ఉండాది."

భీమక్క చుట్టూ చూసింది. స్టోరులో తాము కాక కొనేవాళ్లు ఇద్దరే ఉన్నారు. ఆ తర్వాత కోడలి ఎడమచేయి చూసింది. ఎర్రబడ్డ బొటనవేలి ఎముక, షాంపూ వాసన.

"ఇరుకు గాజు వేసుకుని చూసినావు కదా?"

యామిని తల దించుకుంది.

"నేను మీ అత్తనే! నాకు తెలీదా?" భీమక్క సంచి కౌంటరు మీద పెట్టి నవ్వింది. "నా ఏడో నెలలో నేను మా ఆడబిడ్డ వెండి కడెం ఇరికించుకున్నా. సబ్బు పెట్టినారు, నూనె పెట్టినారు, రాలే. బిడ్డ పుట్టినాంక ఊడింది. మూడు నెలలు ఆయమ్మ నా చెయ్యి పట్టుకునే నిద్రపోయింది, యాడ ఎత్తుకపోతానో అని!"

అందరికంటే గట్టిగా నవ్వినవాడు భూపేష్. నవ్వుతూనే వంగి, స్టాండు కింది చీటీని ఒక కొన పట్టి లాగాడు. ఇది కొత్త గమ్ము, మొత్తం వచ్చేసింది. చేతిలో నలిపి జేబులో వేసుకున్నాడు.

"రేపటి నుంచి నువ్వే తొడుగు గుల్షనమ్మా," అన్నాడు. "అడిగినోళ్లకు. ఈ రాళ్ల గాజులు కూడా."

"అయితే నాకొగ స్టూలు వేయించు. నిలబడుకోని గాజులు తొడగరు. ఆ బ్యానరు కూడా విప్పించు."

యామిని కోసం రెండూ ఎనిమిది సైజు పచ్చగాజుల డజను విప్పింది. లాజరు తన స్టూలు తెచ్చి వేశాడు. గుల్షన్ బీ కూర్చుని ఆ చేతిని మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. ఈసారి ప్రశ్నలు అవసరం పడలేదు. గాజులు ఒకదాని వెంట ఒకటి గలగలమంటూ ఎర్రగాజుల పక్కకు చేరాయి. కుడిచేతికి ఆరు, ఎడమచేతికి ఆరు. తర్వాత ఇంకో గాజు తీసి ఎడమచేతికి వేసింది.

"పన్నెండు కదా నేను అడిగింది," అంది యామిని.

"కడుపులో బిడ్డకు ఒగటి. మా అమ్మ ఎప్పుడూ వేసేది."

బిల్లు మీద వంగిన హర్షిణి తలెత్తింది. "పదమూడోది ఎవురి లెక్కలో రాయల్ల అన్నా?"

భూపేష్ క్షణం ఆలోచించాడు.

"చాంద్ లెక్కలో రాయి."

రాళ్ల గాజు మఖమలు స్టాండు మీదికి ఎక్కింది. ఇప్పుడు నాలుగూ ఉన్నాయి. గుల్షన్ బీ ఇందాక ముడి పడని కట్టకు ముడి వేసింది. ఐదో కట్ట కూడా కట్టింది. ఐదింటినీ ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టి కదిలించింది. మూడోదాన్ని రెండుసార్లు విని, విప్పి, ఒక గాజు మార్చి, మళ్లీ కట్టి మళ్లీ వింది. పాత పేపరులో పొట్లం చుట్టి, పైన దారం వేసి, రెండు చేతులతో భీమక్క సంచిలో పెట్టింది.

"అన్నీ బాగుండాయి అక్కా. మెల్లగా తీసుకపో."